చెయ్యి ఊపితే జీతం ఇస్తారా?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నాకు 24 ఏళ్లు. మాది గుంటూరు, బ్రాడీపేట. మంగళగిరిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తొమ్మిదో ఏట నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, విజయవాడ సంగీత కళాశాలలో డిప్లొమా పూర్తి చేశాను. మా చర్చి కాయిర్‌లో ఆల్టో (ఆడవారిలో కింది గొంతు) పాడతాను. రాత్రిళ్లు బొమ్మలు వేస్తాను. సింఫనీలు వింటూ వేసిన బొమ్మలే మూడు పుస్తకాలు నిండాయి. ఒక్కొక్క స్వరం నాకు ఒక్కొక్క రంగులో కనిపిస్తుంది. ఈ మధ్య ఒక విదేశీ కండక్టర్ తన చిత్రాల ప్రదర్శన గురించి మాట్లాడుతున్న వీడియో చూశాను. నేను చేయాల్సింది ఇదే కదా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆర్కెస్ట్రా కండక్టర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు వయసు మించిపోయిందా? బొమ్మలు మానేయాలా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాన్నేమో "చెయ్యి ఊపితే జీతం ఇస్తారా?" అని నవ్వుతున్నారు. కండక్టర్ చేతిలో పట్టుకునే పుల్ల, బేటన్, ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పగలరు. నన్ను "మీరు" అనవద్దు, మీ మనవరాలి వయసు దాన్ని.

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారి సందేహం తీరుస్తాను. ఇస్తారండీ. పెద్ద ఆర్కెస్ట్రాలలో ఎదురుగా కూర్చుని రెక్కలు ముక్కలు చేసుకునే వాద్యకారులకన్నా చెయ్యి ఊపే ఆ ఒక్కరికే ఎక్కువ ఇస్తారు. ఎదురుగా కూర్చునే జాతివాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు కాస్త కడుపుమంటతోనే తెలుసు. మద్రాసులో సినిమా రికార్డింగులకు వయొలిన్ వాయించి ఇల్లు గడుపుకున్నాను. పాట మొత్తం ఒకే హాల్లో, అందరూ ఒకేసారి వాయించే రోజులవి. తర్వాత ఒక్కొక్క వాద్యాన్ని విడిగా రికార్డు చేసే పద్ధతి వచ్చింది. దాని వెనకాలే కీబోర్డు వచ్చింది. ఇరవై వయొలిన్ల పని పది వేళ్లు చేయడం మొదలయ్యాక నేను పెట్టె సర్దుకుని విజయవాడ వచ్చేశాను.

మన ఊళ్లలో కండక్టర్ అంటే ఆర్టీసీ బస్సులో టికెట్లు కొట్టే ఆయనే గుర్తుకొస్తాడు. నవ్వుకోవద్దు, పోలిక అంత దూరంది కాదు. బండి నడిపేది ఇంకొకరు. కదలాలో ఆగాలో చెప్పేది ఈయన. ఆయన "రైట్, రైట్" అనకపోతే బస్సు కదలదు, ఆయన ఎంత గట్టిగా అరిచినా డ్రైవరు కాలు తీయకపోతే కూడా కదలదు. ఈ రెండో సంగతి చాలామంది కండక్టర్లకు రిటైరయ్యేదాకా తెలియదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో సంగీతం ఉంది, రంగులున్నాయి, నిద్ర పట్టని రాత్రి ఉంది. మనుషులు లేరు. కాయిర్ గురించి ఒక్క వాక్యం రాసి దాటేశావు. నాకు మాత్రం నీ ఉత్తరం మొత్తంలో పనికొచ్చే వాక్యం అదే అనిపించింది. వయొలిన్ వాయించాలంటే వయొలిన్ చాలు. బొమ్మ వేయాలంటే కాగితం చాలు. కండక్టర్ వాయించే వాద్యం మాత్రం మనుషులతో చేసింది. అది ఇంట్లో బీరువా మీద పెట్టుకుని తెల్లవారుజామున సాధన చేసేది కాదు. ఆ వాద్యానికి ఆకలేస్తుంది, అలకలుంటాయి, ఆరింటికి బస్సు పట్టుకోవాల్సి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం ఇష్టమా కాదా అన్నది నువ్వు ఇంకా తేల్చుకోలేదు. వీడియోలో చూసి తేల్చుకునే విషయం కాదది.

ఒక అనుభవం చెబుతాను. మా రికార్డింగు హాల్లో ఇద్దరు కండక్టర్లను దగ్గరగా చూశాను. ఒకాయన చేతులు చూస్తే ముచ్చటేసేది, నాట్యం చేస్తున్నట్టుండేవి. మేము ఆయన్ను చూసేవాళ్లం కాదు. ముందు వరుసలో కూర్చునే మా పెద్ద వయొలిన్ ఆయన కమాను చూసి వాయించేవాళ్లం. ఆయన ఎక్కడ మొదలుపెడితే అక్కడ మేమూ మొదలు. చేతులు ఊపుతున్న ఆయనకు ఈ రహస్యం ఎన్నడూ తెలియలేదనుకుంటాను. రెండో ఆయన బొద్దుగా, ఎప్పుడూ నిద్రమొహంతో ఉండేవాడు. చెయ్యి జానెడు మించి కదిపేవాడు కాదు. ఆ చెయ్యి పైకి లేచేసరికి మా అందరి ఊపిరీ లేచేది. ఎంత వేగంగా, ఎంత మెత్తగా వాయించాలో అన్నీ ఆ లేవడంలోనే ఉండేవి. కింద పడేసరికి మేము అప్పటికే పాటలో ఉండేవాళ్లం.

కర్ణాటక సంగీతం నుంచి వెళ్లేవారు మొదట తడబడేది సరిగ్గా ఇక్కడే. మనం తాళం వేసేది జరుగుతున్న పాటను లెక్కపెట్టుకోవడానికి. ఆది తాళంలో దెబ్బ పడ్డప్పుడే స్వరమూ పడుతుంది. కండక్టర్ చెయ్యి అలా కాదు, అది జరగబోయేదాన్ని ఒక అడుగు ముందు చెబుతుంది. అడుగు వెనకబడిందంటే అది ఎనభైమంది వెంట పరుగెత్తే చెయ్యి అవుతుంది. పదిహేనేళ్లుగా తాళం వేసిన నీ చెయ్యి మొదటి ఏడాదంతా దెబ్బ దగ్గరే ఆగుతుంది. ఫోను ఎదురుగా పెట్టి నువ్వు చెయ్యి తిప్పుతున్నది తీసుకో, తర్వాత శబ్దం ఆపి చూసుకో. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత వేగమో ఆ మూగ బొమ్మలో తెలుస్తున్నదా? తెలియకపోతే నువ్వు సంగీతాన్ని అనుసరించి ఊగుతున్నావన్నమాట. ఊగడానికి శ్రోతలు చాలు.

రెండో కష్టం చెవిది. మన సంగీతం ఒక్క గీత మీద సాగుతుంది. పాడేవారు, వయొలిన్, వీణ అందరూ అదే గీతను పట్టుకుని ఎవరి గమకంతో వారు అలంకరిస్తారు. ఆ ఒక్క గీతలోని వంపులను పట్టుకోవడంలో నీ చెవి చాలామంది పాశ్చాత్య విద్యార్థులకన్నా పదునుగా ఉంటుంది. అయితే సింఫనీ స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన పుస్తకం, తెరిస్తే పేజీకి ఇరవై వరుసలుంటాయి, ఇరవయ్యీ ఒకేసారి మోగుతాయి. పైగా అందరూ రాసిన స్వరాన్నే పలకరు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు సి అని రాస్తే పలికేది బి ఫ్లాట్. ఫ్రెంచి హారన్‌కు సి అని రాస్తే చాలాచోట్ల పలికేది ఎఫ్. వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా వరుసకు వేరే గుర్తు ఉంటుంది, ఆల్టో క్లెఫ్ అంటారు. ఇవన్నీ చూపుతోనే చదివి, ఒక్క వాద్యం కూడా మోగకముందే లోపల వినాలి. నీ వయొలిన్ కూడా మళ్లీ మొదటికి వస్తుంది. సపసప శ్రుతి పోయి జి, డి, ఏ, ఇ వస్తాయి. చీలమండ మీద ఆనించి వాయించేది భుజం మీదికెక్కుతుంది. క్లారినెట్ సంగతి అర్థం కావాలంటే పెళ్లి బ్యాండు మేళంలో క్లారినెట్ పట్టుకునే ఆయనను ఒకసారి ఇంటికి పిలిచి కాఫీ ఇవ్వు. ఊపిరి ఎక్కడ చాలదో, ఏ స్వరం మొండికేస్తుందో ఆయన చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పదు. గాలి వాద్యం వాయించేవారి ఊపిరి తెలియని కండక్టర్లను నేను చూశాను. పాపం ఆ వాద్యకారుల ముఖాలు ఎర్రబడేవి.

ఇప్పుడు నీ కాయిర్ దగ్గరికి వద్దాం. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో. ఆ తర్వాత ఇక్కడ వెలిసిన చర్చిలలో సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గొంతులుగా విడిపోయి పాడే అలవాటు వేళ్లూనుకుంది. హైదరాబాదు వెళ్తేగాని దొరకదనుకునే చదువు మీ వీధి చివర ఉంది. అందులోనూ నువ్వు ఆల్టో. ప్రధాన రాగం పై గొంతుదైతే దాని నీడలో నిలబడి, పక్కవారి స్వరం చెవిలో పడుతున్నా మన గీత వదలకుండా పాడే గొంతది. ఇరవై వరుసలు వినే పనికి అంతకంటే మంచి శిక్షణ నాకు తెలియదు. మీ కాయిర్ మాస్టారును అడిగి క్రిస్మస్ పాటల్లో ఒక్కటి, చిన్నదే, నీకు ఇమ్మను. నాలుగు గొంతులనూ విడివిడిగా నువ్వు నేర్పు. టెనర్లు ఆలస్యంగా వస్తారు. బేస్ పాడే పెద్దాయన "మా కాలంలో ఇలా పాడేవాళ్లం కాదు" అంటాడు. సొప్రానోలలో ఇద్దరికి మాటలుండవు. వారందరినీ ఒక్క మొదటి ఊపిరికి కలపగలిగావా, కలిపిన తర్వాత ఇంటికి వెళ్తుంటే నీకు అలసట వచ్చిందా, ఆకలి వేసిందా? ఆకలి వేస్తే మనం ఇంకా మాట్లాడుకోవచ్చు.

కాయిర్ చిన్న పని అనుకోవద్దు. ప్రపంచమంతా తెలిసిన కండక్టర్ జుబిన్ మెహతా 1954లో, పద్దెనిమిదేళ్ల వయసులో, బొంబాయి నుంచి వియన్నా వెళ్లి కండక్టింగ్ గురువు హన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చేరాడు. పెద్ద కండక్టర్ల రిహార్సళ్లకు బయటివారిని రానివ్వకపోతే అతనూ, తోటి విద్యార్థి క్లాడియో అబ్బాడో కలిసి కాయిర్‌లో చేరిపోయారు. పాడేవారిని బయటికి పంపలేరు కదా! అలా నిలబడి ఆ చేతులను ఎదురుగా చూస్తూ నేర్చుకున్నారు. ఆర్కెస్ట్రాలో డబుల్ బేస్ కూడా వాయించాడు మెహతా. అయితే ఆయన కథ చూపించి నిన్ను ఊరించడం నాకిష్టం లేదు. ఆయన తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయిలో ఆర్కెస్ట్రా నెలకొల్పినవాడు. పిల్లవాడికి స్కోర్లు ఇంట్లోనే దొరికాయి. వైద్యవిద్యలో చేరి మానేసినప్పుడు ఆ ఇంట్లో జరిగిన గొడవ మన ఇళ్లలో జరిగేదానిలో పాతిక వంతు కూడా ఉండి ఉండదు.

ఉద్యోగాల సంగతి దాచను. మన దేశంలో పూర్తిస్థాయి వృత్తి సింఫనీ ఆర్కెస్ట్రా అంటే ముంబయిలోని సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఒక్కటే. 2006లో మొదలైంది. దానికీ చాలాసార్లు విదేశీ కండక్టర్లే అతిథులుగా వస్తారు. చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ 2008లో ప్రారంభించిన కేఎం కన్సర్వేటరీలో పాశ్చాత్య సంగీతం చదవవచ్చు. విజయవాడ, గుంటూరులలో ఈ పేరుతో జీతం వచ్చే కుర్చీ లేదు. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందం పెట్టి రవిశంకర్‌కు అప్పగించింది. మన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారూ ఆ బృందానికి పనిచేశారు. మన రాగాలతో పెద్ద వాద్యబృందాన్ని నడిపే దారి ఆ రోజుల్లోనే పడింది కానీ ఆ దారిలో గడ్డి మొలిచి చాలా కాలమైంది. నీలాంటివారు మళ్లీ తొక్కితే నాకు సంతోషమే, అయితే దానికి ఇప్పుడు ఎవరూ జీతం ఇవ్వరు. కాబట్టి సింఫనీ కండక్టర్ కావాలంటే దేశం దాటాలి. అక్కడ కండక్టింగ్ చదువులో సీటు మార్కులు చూసి ఇవ్వరు. ఎదుట నిలబెట్టి పియానో వాయించమంటారు, విని రాయమంటారు, స్కోరు చదవమంటారు, చివరికి నిజమైన వాద్యకారుల ముందు చెయ్యి ఎత్తమంటారు. నీకు పియానో వచ్చని ఉత్తరంలో లేదు. రాకపోతే ఈ నెలలోనే మొదలుపెట్టు.

వయసు మించిపోలేదు, అలాగని తీరికా లేదు. కండక్టర్ల పోటీలకు వయోపరిమితి ఉంటుంది, చాలావాటికి ముప్పై నుంచి ముప్పై అయిదు మధ్య. 1959లో ఫ్రాన్సులోని బెజాన్సన్ పోటీలో గెలిచాకే జపాన్ యువకుడు సీజీ ఒజావా పేరు లోకానికి తెలిసింది. నీకు తయారీకి నాలుగైదేళ్లు పడుతుందనుకుంటే లెక్క సరిపోతుంది, కానీ ఒరుసుకుంటూ సరిపోతుంది. ఆడవారికి ఈ రంగంలో తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రాకు మహిళ సంగీత దర్శకురాలు కావడం 2007లోగాని జరగలేదు, బాల్టిమోర్‌లో మారిన్ ఆల్సప్. నువ్వు వెళ్లేసరికి కనీసం ఆ తలుపు గడియ తీసి ఉంటుంది.

మంగళగిరి ఉద్యోగం రెండేళ్లు వదలవద్దు. ఆ జీతంతో ఒక పియానో మాస్టారును, ఒక పాశ్చాత్య సంగీత సిద్ధాంతం చెప్పేవారిని పెట్టుకో, దగ్గర్లో లేకపోతే కంప్యూటర్‌లోనే. ఏబీఆర్‌ఎస్‌ఎం అనే బ్రిటిష్ సంగీత పరీక్షల సంస్థ గ్రేడులు ఎనిమిది. అయిదో గ్రేడు సిద్ధాంత పరీక్షో దానికి సమానమైనదో దాటనిదే పై వాద్య గ్రేడులకు వెళ్లనివ్వరు. ఆ నిబంధన నాకు నచ్చుతుంది, నీలాంటి ఆత్రగత్తెలకు మంచి కళ్లెం. స్కోర్లకు డబ్బు పెట్టకు. కాపీరైటు గడువు తీరినవి ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెద్ద సింఫనీ జోలికి పోకుండా హేడన్ అనే పాత స్వరకర్త నాలుగు వాద్యాలకు రాసిన రచన ఒకటి తీసుకో. నాలుగు వరుసలే. ఒక వరుస పాడుతూ చేత్తో తాళం, తర్వాత ఇంకో వరుస, తర్వాత ఒకటి పాడుతూ ఇంకొకటి పియానో మీద. ఒక్క పేజీకి నెల పట్టినా సిగ్గుపడకు.

ఇక బొమ్మలు. మానేయాలా అని అడిగావు. ఎవరు మానమన్నారు? మన ప్రాంతంలో ఈ ప్రశ్నే కొత్త. అడివి బాపిరాజుగారు వకీలు చదువు చదివి, బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసి, బొమ్మలు వేసి, గొంతెత్తి పాడి, నవలలూ రాశారు. నువ్వు చదివిన విజయవాడ సంగీత కళాశాలకు తొలినాళ్లలో ప్రిన్సిపాలుగా ఉన్న బాలమురళీకృష్ణగారు పాడటంతో ఆగక వయొలిన్, వయోలా, మృదంగం కూడా పట్టుకున్నారు. ఏదో ఒకటే ఎంచుకోమని వారి చేయి పట్టుకుని ఆపినవారు లేరు, ఆపి ఉన్నా వారు విని ఉండరు.

విదేశాల ఉదాహరణలు కావాలంటే కొన్ని చెబుతాను, అయితే వాటిలో తీపీ ఉంది, చేదూ ఉంది. లిథువేనియాకు చెందిన చుర్లియోనిస్ వార్సాలోనూ లైప్‌జిగ్‌లోనూ సంగీతం చదివి, కాయిర్లను నడిపి, ముప్పైకి దగ్గరపడుతుండగా చిత్రకళ బడిలో చేరాడు. తన చిత్రాల వరుసలకు సొనాటాలని, ఒక రకం సంగీత రచనల పేరే, పెట్టుకున్నాడు. సంగీత పాఠాలు చెప్పుకుని బతికాడు. 1911లో, 35 ఏళ్లకే పోయాడు. ఈ రోజు కౌనస్‌లో ఆయన పేరిట జాతీయ మ్యూజియం ఉంది. షోన్‌బెర్గ్ అనే స్వరకర్త కథ ఇంకా విచిత్రం. సంగీతం అన్నం పెట్టడం లేదు, మనుషుల బొమ్మలు వేసి సంపాదిస్తాను, గిరాకీలు చూపించండి అని 1910లో తన ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు! బొమ్మలూ అన్నం పెట్టలేదనుకో. ఫిషర్ డీస్కౌ అనే జర్మన్ గాయకుడు జీవితమంతా పాడి, నలభై ఏడు దాటాక 1973లో కండక్టర్ అయ్యాడు, బొమ్మలూ వేసేవాడు. మన కాలంలో లేరా ఆవర్‌బాఖ్ స్వరకర్త, పియానో విద్వాంసురాలు, కండక్టర్, చిత్రకారిణి, శిల్పి. ఈ నలుగురిలో ఎవరూ రెండింటినీ ఒకే రోజు మొదలుపెట్టలేదని గమనించు. ఒకటి చేతికి వచ్చాక రెండోదాన్ని పట్టుకున్నారు, లేదా ఒకటి నిద్రపట్టనివ్వక రెండోదానిలోకి వెళ్లారు.

నీకు స్వరాలు రంగుల్లో కనిపిస్తాయన్నావు. నమ్ముతాను. ఇలాంటివారు కొందరుంటారు. అయితే ఎవరి రంగులు వారివి. స్క్రియాబిన్‌కూ రిమ్‌స్కీ కోర్సకోవ్‌కూ ఏ శ్రుతి ఏ రంగో అన్న విషయంలోనే చాలావరకు పొత్తు కుదరలేదు, ఇద్దరూ రష్యా స్వరకర్తలే, ఇద్దరూ మహానుభావులే. స్వరకర్త లిస్ట్ జర్మనీలోని వైమార్‌లో ఆర్కెస్ట్రా నడిపేటప్పుడు "ఇంకొంచెం నీలంగా" వాయించమని అడిగేవాడనీ, వాద్యకారులు మొదట హాస్యమనుకున్నారనీ చెబుతారు. లిస్ట్ అంతటివాడు కాబట్టి ఊరుకున్నారు. నీ బేస్ పెద్దాయనతో ఆ మాట అని చూడు! ఆయనకు "ఇక్కడ మెత్తగా, ఈ అక్షరం మీద ఊపిరి తీసుకోండి" అని చెప్పాలి. నీ రంగును అతని ఊపిరిలోకి మార్చి చెప్పగలగడమే పని.

ఆ మూడు పుస్తకాలనూ ఆ పనికే వాడుకో. కండక్టర్లు స్కోరు మీద ఎరుపు, నీలం పెన్సిళ్లతో గుర్తులు పెట్టుకోవడం పాత అలవాటే. ఎక్కడ ఎవరు లోపలికి వస్తారు, ఎక్కడ పాట శిఖరానికి చేరుతుంది, ఎక్కడ దిగుతుంది, ఇవన్నీ బొమ్మగా చూడగలవారికి అరగంట రచన కూడా ఒక చూపులో పడుతుంది. అక్కడ నీకు ఇతరులకు లేని బలం ఉంది. కానీ విన్నప్పుడు కలిగిన మైమరపుతో వేసిన బొమ్మ వేరు, స్కోరు అర్థమయ్యాక గీసిన పటం వేరు. రెండింటికీ వేర్వేరు పుస్తకాలు పెట్టుకో. మొదటి రకం బొమ్మలను ఒక ఆదివారం గోడకు ఆనించి, ఏ పాటా మోగనివ్వకుండా, సంగీతంతో సంబంధం లేని చిత్రకారుడెవరికైనా చూపించు. ఫలానా సింఫనీ వింటూ వేశానని చెప్పకు. చెప్పకుండానే బొమ్మ నిలబడితే అప్పుడు ప్రదర్శన మాట ఆలోచించవచ్చు. కండక్టర్ వేసిన బొమ్మలు అన్న చీటీతో అమ్ముడుపోయే బొమ్మలు నేను చూశాను. ఒకటి నాకు కానుకగా కూడా వచ్చింది. మా ఇంట్లో అది తలుపు వెనకాల ఉంది.

ఇంకొకటి. కండక్టర్ జీవితంలో ఎదురుచూపే ఎక్కువ. హాలు దొరకాలి, మనుషులు రావాలి, ఎవరో పిలవాలి. నెలల తరబడి ఎవరూ పిలవరు. ఆ నెలల్లో మనిషి చేదెక్కిపోవడం నేను చూశాను. నీకు ఆ రాత్రులకు కాగితం ఉంది. ఎవరినీ అడగకుండా మొదలుపెట్టి, ఎవరూ చప్పట్లు కొట్టకుండానే ముగించగలిగే పని ఒకటి చేతిలో ఉంది. బొమ్మలు మానవద్దని నేననేది ఇందుకే.

సంబంధాల విషయంలో నాకు పెద్దరికం లేదు. ఒక్కటి చెప్పగలను. వచ్చేవారిని బ్రాడీపేట ఇంట్లో పళ్లెం పట్టుకుని కలవకు, కాయిర్ రిహార్సల్ ఉన్న సాయంత్రం రమ్మను, వెనక బెంచీలో కూర్చోబెట్టు. పాతికమందిని నువ్వు అదిలించి పాడించేటప్పుడు అబ్బాయి ముఖం ఎలా ఉందో మీ నాన్నగారిని గమనించమను. ఆయన కూడా రావాలి. చెయ్యి ఊపడం అంటే ఏమిటో దగ్గరనుంచి చూసినట్టూ ఉంటుంది.

బేటన్ అడిగావు. కాయిర్‌కు అది అక్కరలేదు, వట్టి చేతులే నయం. తర్వాత కావాలనిపిస్తే పెద్ద సంగీత వాద్యాల దుకాణాల్లో తెప్పించుకోవచ్చు. ఖరీదైనది వద్దు, మొదటి ఏడాదిలో రెండు మూడు విరుగుతాయి. చేతికి ఆనే చోట చిన్న బిరడా, అక్కడి నుంచి సన్నబడే తేలికైన పుల్ల, మూర కంటే కాస్త తక్కువ పొడవు, అంతే. బరువు పట్టుకునే చోటే ఉండాలి. నీ కుంచె తిరగేసి పట్టుకుందామన్న ఆలోచన ఈపాటికి వచ్చే ఉంటుంది. వద్దు. మణికట్టు నొప్పి పుడుతుంది, పైగా తడి ఆరని రంగు ముందు వరుస ఆల్టోల చీరల మీద పడుతుంది.